రాయితో పాటు దాని ఊరూ అడగండి

పిల్లల్ని తీసుకుని రాళ్లూ శిలాజాలూ అమ్మే షాపుకు వెళ్తున్నామని చెబితే ఎదుటివాళ్లు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు "రాళ్లకు డబ్బులు పెడతారా?" అంటారు. ఇంకొందరు, ఈ విషయం కాస్త తెలిసినవాళ్లు, "మ్యూజియంకు తీసుకెళ్లొచ్చు కదా, శిలాజాలు అమ్ముకునే సరుకా?" అని అడుగుతారు. మొదటి మాటకు జవాబు చెప్పడం తేలిక. రెండో మాటలో నిజం ఉంది, దాని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను. అయినా నేను చెప్పేది ఒకటే: తీసుకెళ్లండి. తీసుకెళ్లి, అక్కడ పిల్లల చేత రెండు ప్రశ్నలు అడిగించండి. ఇది నిజమైనదేనా? ఇది ఎక్కడిది? ఈ రెండింటికీ సూటిగా జవాబు వచ్చిన రాయినే కొనండి. అది ఆ అరలో అన్నిటికన్నా చిన్నదైనా పర్లేదు, చూడ్డానికి ఏమంత బాగా లేకపోయినా పర్లేదు.

మ్యూజియంను నేను తక్కువ చేయడం లేదు. ఒక పూర్తి అస్థిపంజరం ముందు నిలబడి తల పైకెత్తి చూడటం ఏ షాపులోనూ కుదరదు. కానీ మ్యూజియంలో శిలాజం గాజు వెనక ఉంటుంది, పిల్లలేమో చేత్తో చూస్తారు. బరువెంతుంది, చల్లగా ఉందా, గరుకా నునుపా, వెనకవైపు ఎలా ఉంది, గోటితో గీరితే ఏమవుతుంది, ఇవన్నీ తెలిశాకే వాళ్లకు అది ఒక వస్తువు అనిపిస్తుంది, అంతవరకు పుస్తకంలో బొమ్మకూ దానికీ పెద్ద తేడా ఉండదు. అందుకే రాళ్ల షాపులో "ముట్టుకోవచ్చు" అని రాసిపెట్టిన ట్రే ఒక్కటి కనిపించినా ఆ షాపంటే నాకు గౌరవం కలుగుతుంది.

మా చిన్నోడు అలాంటి ట్రేలోంచి మొదట తీసింది సగానికి కోసి మెరుగుపెట్టిన అమ్మోనైట్ అనే సముద్ర జీవి శిలాజం. వాడి అరచేతిలో సరిపోయింది. మడగాస్కర్‌ది అనీ, పది పదకొండు కోట్ల ఏళ్ల నాటిదనీ కింద చీటీ ఉంది. బయటివైపు చుట్టలు తిరిగిన గుల్ల, కోసినవైపు తిప్పితే లోపలంతా గదులే. నడిమధ్యన ఆవగింజంత గది, దాని పక్కన ఇంకాస్త పెద్దది, ఆ పక్కన ఇంకాస్త పెద్దది, అలా చుట్టూ తిరుగుతూ పెరిగిపోయాయి. కొన్ని గదుల నిండా తేనెరంగు కాల్సైట్ అనే ఖనిజం పేరుకుంది, కొన్ని నిండకుండా మిగిలి వాటి గోడలకు సన్నటి స్ఫటికాలు పట్టాయి, చివరి పెద్ద గదిలో మాత్రం బూడిదరంగు బురద గట్టిపడి రాయైపోయింది. "అమ్మా, ఇన్ని గదుల్లో ఎంతమంది ఉండేవాళ్లు?" అన్నాడు.

షాపు నడిపే పెద్దాయన ఆ ప్రశ్న విని మా దగ్గరికి వచ్చారు. "ఒక్కటే ఉండేది బాబూ. ఆ చివరి గదిలో మాత్రమే ఉండేది" అని చెప్పి ఆ బురద నిండిన గది చూపించారు. జీవి పెరిగేకొద్దీ గుల్లను ముందుకు కట్టుకుంటూ, వెనక ఒక గోడ వేసుకుంటూ జరిగిపోయేది. వదిలేసిన గదుల్లోంచి నీటిని ఒక సన్నటి గొట్టం ద్వారా తోడేసి, వాటిలో గాలి చేరేలా చేసుకుని నీళ్లలో తేలేది. ఇప్పటి స్క్విడ్‌లకూ ఆక్టోపస్‌లకూ చుట్టం. డైనోసార్లు పోయిన కాలంలోనే, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఇవీ పోయాయి. ఇదంతా ఆయన చెబుతుంటే మా పెద్దమ్మాయి ట్రేలో వెతికి దాని రెండో సగం పట్టుకుంది. రెండూ దగ్గర పెడితే సరిగ్గా అతికాయి, రంపం తినేసిన సన్నటి గీత మేర తప్ప. గుల్ల బయటివైపు ఆకుల అంచుల్లా మెలికలు తిరిగిన గీతలున్నాయి. లోపలి గోడలు గుల్లకు ఆనుకునే చోట ఏర్పడే గీతలవి, జాతి జాతికీ వేరుగా ఉంటాయి, ఇది ఏ అమ్మోనైట్ అని శాస్త్రవేత్తలు తేల్చుకునే గుర్తుల్లో అదొకటి. ఇదే జీవి బొమ్మను మా పిల్లలు ఎన్నోసార్లు చూశారు. గదుల సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

నేపాల్‌లో కాళీ గండకి నదిలో దొరికే సాలగ్రామాల్లో చుట్టల గుర్తులున్నవి కూడా అమ్మోనైట్లే. హిమాలయాలు పైకి లేవకముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది, ఆ సముద్రపు అడుగున పేరుకున్న బురదే ఇప్పుడు కొండల మీద ఉంది. ఇది చెప్పగానే పెద్దదాని ప్రశ్నలన్నీ రాయి మీదనుంచి కొండల మీదికి మళ్లాయి. ఎక్కడిదో తెలిసిన రాయికీ తెలియని రాయికీ తేడా నాకు అక్కడే కనిపిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. ఇది నిజమైనదేనా?

మనం అనుకున్నదానికంటే ఈ ప్రశ్న అవసరం చాలా ఎక్కువ. శిలాజాల వ్యాపారంలో నకిలీలు బాగా తిరుగుతాయి, పైగా అన్నీ పూర్తి నకిలీలు కూడా కాదు, అక్కడే చిక్కంతా. ట్రైలోబైట్ల సంగతి తీసుకోండి. సుమారు 52 కోట్ల ఏళ్ల కిందట కనిపించి, 25 కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా అంతరించిన సముద్ర జీవులు. తొలి డైనోసార్లు పుట్టేసరికే ఇవి లేవు. ఇప్పటివరకు ఇరవై వేలకు పైగా జాతులు గుర్తించారు. షాపుల్లో కనిపించేవాటిలో చాలా భాగం మొరాకో నుంచి వస్తాయి. అక్కడ గట్టి సున్నపురాయిని పగలగొట్టి, లోపలున్న జీవి చుట్టూ రాయిని చిన్న చిన్న పనిముట్లతో గంటల తరబడి తొలిచి బయటికి తీస్తారు. అంత నేర్పు ఉన్న చేతులకు విరిగిన ముల్లును అతికించడమూ, లేని తోకను తయారుచేయడమూ కష్టం కాదు. కొన్ని అసలు రాయే కావు, ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో పోసిన అచ్చులు.

ఒక షాపులో ట్రే నిండా ట్రైలోబైట్లుంటే మా పెద్దది వాటిని వరుసగా పెట్టుకుని చూస్తూ చూస్తూ ఆగింది. రెండింటికి ఎడమ కంటి కింద ఒకే పగులు, ఒకే పొడవున, ఒకే వంపుతో ఉంది. రెండు జీవులు ఒకే చోట పగలవు కదా. కౌంటర్ మీదున్న భూతద్దం తీసుకుని చూస్తే ఆ పగులు పక్కనే గుండ్రటి చిన్న గుంటలు కనిపించాయి, పోతపోసినప్పుడు గాలి బుడగలు పగిలిన గుర్తులు. చేతిలో పట్టుకుంటే రాయిలా చల్లగా లేదు, కాసేపటికే గోరువెచ్చగా అయిపోయింది. అమ్మే అబ్బాయిని అడిగితే "మాకు అలాగే వచ్చాయండీ, అన్నీ ఒరిజినలే" అన్నాడు. పిల్లల ముందు ఒక పెద్ద మనిషి అంత సులువుగా ఆ మాట అనడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అచ్చు తయారుచేయడం తప్పు కాదు. మ్యూజియంలలో నిలబెట్టిన అస్థిపంజరాల్లో కూడా చాలా ఎముకలు అచ్చులే, అక్కడ ఆ సంగతి రాసి పెడతారు. చెప్పకుండా అమ్మడం తప్పు. అమ్మోనైట్ చూపించిన పెద్దాయన షాపులో అచ్చులకు వేరే అర ఉంది, పైన పెద్ద అక్షరాలతో "నకలు" అని రాసి ఉంది. నిజమైన శిలాజం మనకు అందుబాటులో లేని జీవుల కోసం పిల్లలు ఆ అర దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు.

నకిలీ పూర్తిగా నకిలీ కాకపోవడం అంటే ఇంకొకటి చెబుతాను. మొరాకో ఫాస్ఫేట్ గనుల నుంచి మోససార్ అనే సముద్ర సరీసృపం పళ్లు విపరీతంగా వస్తాయి. పళ్లు నిజమైనవే. కానీ కొన్నిసార్లు ఆ పళ్లను ఇసుకా జిగురూ కలిపిన ముద్దలో వరుసగా గుచ్చి దవడ ముక్క అని అమ్ముతారు. పన్ను నిజం, దవడ అబద్ధం. రంగురాళ్లలోనూ ఇదే కథ. గులాబీ రంగులో, గాఢమైన నీలం రంగులో మెరిసే అగేట్ పలకలు రంగు పట్టించినవే, అగేట్‌లో కంటికి కనిపించని సందుల్లోకి రంగు ఇంకిపోతుంది. సిట్రిన్ అని అమ్మే నారింజ రంగు స్ఫటికాల్లో ఎక్కువ భాగం ఊదారంగు అమెథిస్ట్‌ను కాల్చినవి, నాలుగైదు వందల డిగ్రీల వేడిలో దాని రంగు మారిపోతుంది. ఇవేవీ కొనొద్దని అనను. మా చిన్నోడికి ఆ నీలం పలక చాలా నచ్చింది, కొనుక్కున్నాడు కూడా. కానీ దాని రంగు మనిషి వేసింది అని తెలిసి కొనుక్కున్నాడు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజం. స్పెయిన్‌లోని నవహూన్ అనే చోట దొరికే పైరైట్ ఘనాలు అంచులన్నీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా, ముఖాలు అద్దమంత నునుపుగా ఉంటాయి. మా ఆయన అది చూసి "ఇది మిషన్ మీద కోసిందే" అని గట్టిగా అన్నారు. పెద్దది కూడా అంతే అంది. అది భూమిలో అలాగే పెరిగింది, ఎవరూ కోయలేదు. ఇనుమూ గంధకమూ కలిసి స్ఫటికంగా పేరుకున్నప్పుడు అణువుల అమరికే ఆ ఘనం ఆకారం తెస్తుంది. సహజంగా కనిపించే నీలం రాయికి రంగు వేశారు, మనిషి చేసినట్టు కనిపించే ఘనాన్ని మనిషి చేయలేదు. చూపు మీద మాత్రమే ఆధారపడొద్దని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి జత నాకు దొరకలేదు. అక్కడినుంచి పరీక్షల్లోకి వెళ్లడం సులువు. మెరుగుపెట్టని పింగాణీ పలక మీద గీస్తే పైరైట్ నల్లటి గీత పెడుతుంది, బంగారం పసుపు గీత పెడుతుంది. గోటి గట్టిదనం రెండున్నర, గాజుది ఐదున్నర, పైరైట్‌ది ఆరు పైన. ఈ అంకెలు ఫ్రీడ్రిష్ మోస్ 1812లో తయారుచేసిన ఒకటి నుంచి పది కొలమానంలోవి, అది ఇప్పటికీ రాళ్ల షాపుల్లో రోజూ పనికొస్తుంది. గ్లాసు మీద గీయొచ్చా అని అడిగితే పెద్దాయన పగిలిన గాజు ముక్క ఒకటి, అంచులు అరగదీసింది, తెచ్చి ఇచ్చారు.

"శిలాజాలు షాపులో అమ్మే సరుకా?" అనేవాళ్లకు నేను ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ ఊరి పేరు చెబుతాను. మేరీ ఆనింగ్ 1799లో అక్కడ పుట్టింది. తండ్రి వడ్రంగి, పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డు కొండచరియల్లో శిలాజాలు ఏరి ఊరికొచ్చిన యాత్రికులకు అమ్మేవాడు. ఆయన 1810లో అప్పులు మిగిల్చి చనిపోయాడు, ఆ తర్వాత ఇంటికి ఆ అమ్మకమే ఆధారమైంది. 1811లో అన్న జోసెఫ్ కంట ఒక పెద్ద పుర్రె పడింది, మరుసటి ఏడు మిగతా అస్థిపంజరం మేరీకి దొరికింది. అదే శాస్త్రవేత్తల దృష్టికి వచ్చిన తొలి ఇక్తియోసార్‌లలో (ఒక రకం సముద్ర సరీసృపాలు) ఒకటి. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. 1823లో ప్లీసియోసార్ అనే మరో సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరం బయటికి తీసింది. దాని మెడ నమ్మలేనంత పొడవుంది. పారిస్‌లో జార్జ్ కువియే, ఆ రోజుల్లో ఎముకల విషయంలో ఆయన మాటకు ఎదురులేదు, అది వేరు వేరు జీవుల ముక్కలు కలిపి చేసిందేమోనని అనుమానపడ్డాడు. లండన్‌లో జియలాజికల్ సొసైటీ వాళ్లు ప్రత్యేకంగా కూర్చుని చర్చించారు, చివరికి నిజమైనదే అని తేలింది, కువియే కూడా ఒప్పుకున్నాడు. ఆ చర్చకు ఆమెను పిలవలేదు. ఆ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవడం 1919లో గానీ మొదలుకాలేదు, ఆమె 1847లోనే చనిపోయింది.

1826లో ఆమె గాజు కిటికీ ఉన్న ఒక షాపు పెట్టుకుంది. యూరప్ నుంచీ అమెరికా నుంచీ శాస్త్రవేత్తలు ఆ షాపుకే వచ్చేవాళ్లు. ఇక్తియోసార్ల పొట్ట భాగంలో కనిపించే వింత గడ్డల్ని పగలగొడితే చేప ఎముకలూ పొలుసులూ ఉంటున్నాయని గమనించింది ఆమే. భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్‌లాండ్ దాన్ని పట్టుకుని అవి శిలాజమైన మలం అని తేల్చి, 1829లో వాటికి కొప్రోలైట్ అని పేరు పెట్టాడు. (ఏ శిలాజాల షాపులోనైనా పిల్లలు గంటసేపు మాట్లాడుకునేది దీని గురించే. ఆపకండి. ఆ జీవి ఏం తినేదో చెప్పడానికి అంత నేరుగా దొరికే సాక్ష్యం ఇంకోటి తక్కువ.) కాబట్టి శిలాజాల షాపు శాస్త్రానికి బయట ఎక్కడో ఉన్న చోటు కాదు. ఈ శాస్త్రం తొలి అడుగుల్లో కొన్ని పడింది అలాంటి షాపులోనే. "ఇది నిజమైనదేనా?" అని కువియే అడిగిన ప్రశ్ననే మా పెద్దది ఆ రెండు ట్రైలోబైట్లను పట్టుకుని అడిగింది. జవాబులు వేరుగా వచ్చాయి, అంతే.

మేరీ ఆనింగ్ కథలో నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆమె తవ్వి తీసిన శిలాజాలను కొన్నవాళ్లు వాటిని మ్యూజియంలకు ఇచ్చారు, ఇచ్చినవాళ్ల పేర్లు చీటీల మీదికెక్కాయి, తవ్విన మనిషి పేరు చాలాసార్లు ఎక్కలేదు. చీటీలో ఏం రాస్తాం, ఏం వదిలేస్తాం అనేది ఇప్పటికీ చిన్న విషయం కాదు.

రెండో ప్రశ్నకు వస్తున్నాను. ఇది ఎక్కడిది?

శిలాజం విలువలో సగానికి పైగా అది ఏ పొరలో, ఏ చోట దొరికింది అనేదాంట్లో ఉంటుంది. దాని వయసు చెప్పేది ఆ పొర. పక్కన ఏ జీవులుండేవి, అక్కడ సముద్రముండేదా నది ఉండేదా అని చెప్పేదీ ఆ పొరే. ఆ వివరం ఒకసారి పోతే తిరిగి రాబట్టడం చాలా కష్టం, చాలాసార్లు అసాధ్యం. 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఒక శిలాజాన్ని డైనోసార్లకూ పక్షులకూ మధ్య లంకె అని గొప్పగా అచ్చువేసింది, ఆర్కియోరాప్టర్ అని పేరు కూడా పెట్టేశారు. చైనాలో తవ్వింది, అక్కడినుంచి చేతులు మారి అమెరికాలో టూసాన్ రాళ్ల సంతలో అమ్ముడుపోయింది. ఆ ఏడాది చివరికల్లా చైనా శాస్త్రవేత్త షూ షింగ్‌కు అదే తోక ఉన్న రాయి చీలినప్పుడు విడిపోయిన రెండో పలక దొరికింది, ఆ పలకలో ఆ తోక పూర్తిగా వేరే జీవికి అతికి ఉంది. ఎవరో ముక్కలు జిగురుతో కలిపేశారన్నమాట. విచారం ఏంటంటే, పై భాగం యానోర్నిస్ అనే పాతకాలపు పక్షిది, తోక మైక్రోరాప్టర్ అనే చిన్న డైనోసార్‌ది, దేనికదే ముఖ్యమైన శిలాజం. ఎక్కడ తవ్వారు, పక్కన ఏముంది అని మొదటి రోజునుంచీ చీటీ ఉండి ఉంటే ఆ రెండూ వాటి వాటి పేర్లతోనే ప్రపంచానికి తెలిసేవి.

చీటీ ఉన్నా అబద్ధపు చీటీ కావచ్చు. 2012లో న్యూయార్క్ వేలంలో టార్బోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఒకటి అమ్మకానికొచ్చింది. దిగుమతి కాగితాల్లో బ్రిటన్ నుంచి వచ్చిందని రాశారు. అది మంగోలియా గోబీ ఎడారిలోనిదని శాస్త్రవేత్తలు ఎముకల్ని చూసి చెప్పారు. మంగోలియాలో తవ్విన శిలాజాలు ఆ దేశపు సొత్తు, బయటికి తీసుకెళ్లి అమ్మడం నేరం. కేసు నడిచింది, 2013లో ఆ అస్థిపంజరం మంగోలియాకు తిరిగి వెళ్లింది. బ్రెజిల్‌లో కూడా 1942 నుంచి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. చైనా కూడా ముఖ్యమైన శిలాజాలను బయటికి పోనివ్వదు. అంటే "ఎక్కడిది?" అని పిల్లవాడు అడిగే ప్రశ్నలో "ఇది ఎవరిది?" అన్న ప్రశ్న కూడా కలిసే ఉంటుంది. ఆ దేశపు పిల్లలకు దక్కాల్సినది మన అలమారలో ఉందా అని అడగడం కూడా.

వెన్నెముక ఉన్న జీవుల శిలాజాల వ్యాపారం ఉండకూడదని చాలామంది పురాజీవ శాస్త్రవేత్తలు గట్టిగా అంటారు, ముఖ్యమైన నమూనాలు ఎవరి ఇంట్లోనో చేరిపోతే వాటిని ఇంకెవరూ పరిశీలించలేరని వాళ్ల బాధ. నేను వాళ్ల పక్షమే. డైనోసార్ పుర్రెలు, గుడ్లు, పూర్తి అస్థిపంజరాలు షాపులో చూసి ఆనందించే వస్తువులు కావని నా ఉద్దేశం, వాటి చోటు పరిశోధన జరిగే మ్యూజియం. కానీ అదే మాట అన్ని శిలాజాలకూ వర్తించదు. ఒక్కో సొర చేప బతికినన్నాళ్లలో వేల పళ్లు రాలుస్తుంది, అందుకే ఆ పళ్ల శిలాజాలు లెక్కలేనన్ని. మొరాకోలోని ఎర్‌ఫూద్ దగ్గర నల్ల సున్నపురాయిలో తెల్లటి బాణాల్లా కనిపించే నిటారు గుల్లల జీవులు బండలకు బండలు నిండి ఉన్నాయి, వాటితో బల్లలు కూడా చేస్తారు. ఇలాంటివి చట్టప్రకారం తవ్వి, చట్టప్రకారం పంపి, చీటీతో అమ్మితే ఒక పిల్లవాడి చేతికి రావడం వల్ల శాస్త్రానికి నష్టం లేదు. ఆ తవ్వకం మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. అన్నీ నిషేధించాలనేవాళ్లూ, డబ్బుంటే ఏదైనా కొనొచ్చనేవాళ్లూ ఇద్దరూ ఈ తేడాను పట్టించుకోరు. పిల్లలకు మాత్రం ఈ తేడా చెబితే వెంటనే అర్థమవుతుంది, మా ఇంట్లో అర్థమైంది.

ఇంకో సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫలానా స్ఫటికం జేబులో పెట్టుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుంది, టెన్షన్ పోతుంది అని రాసిన కార్డులు చాలా షాపుల్లో ఉంటాయి. వాటికి ఆధారం లేదు. పిల్లలకు ఆ మాట అక్కడే, సూటిగా చెప్పండి. అమెథిస్ట్‌కు ఊదారంగు ఎలా వచ్చిందో చెప్పండి, క్వార్ట్జ్‌లో కలిసిన కొద్దిపాటి ఇనుము, చుట్టుపక్కల రాళ్లనుంచి లక్షల ఏళ్లు తగిలిన రేడియేషన్. అది ఆ కార్డు కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది, పైగా నిజం.

షాపుకు వెళ్లేవాళ్లకు నా మాట: తొందరపెట్టకండి. మేం వెళ్తే ఒక్కొక్కరికీ ఒకే రాయి అన్నది ముందే మాట్లాడుకుంటాం, కాబట్టి ఎంచుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపట్లోనే చూడటం జరుగుతుంది. బండరాయి ముక్క ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుని, మళ్లీ మొదటిదాని దగ్గరికొచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్న పిల్లని "ఏదో ఒకటి తీసుకో, పద" అనకండి. చిన్న భూతద్దం తీసుకెళ్లండి, పదిరెట్లు పెద్దది చేసి చూపేది చాలు. కొన్ని ఖనిజాల్ని నోటి దగ్గరికి రానివ్వకండి. మెరిసే గెలీనాలో సీసం ఉంటుంది, ఎర్రటి సిన్నబార్‌లో పాదరసం, నారింజ రంగు రియాల్గర్‌లో ఆర్సెనిక్. ఏం ముట్టుకున్నా ఇంటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి. చీటీ లేకపోతే అడగండి, షాపువాళ్లకు తెలియకపోతే తెలియదని చెప్పమనండి. తెలియదని చెప్పే షాపును నేను నమ్ముతాను. ప్రతి రాయికీ ఒక కథ సిద్ధంగా ఉంచుకునే షాపులో మాత్రం పర్సు తీయను.

ఇంటికి తెచ్చాక పని ఇంకా ఉంది. కాగితం చీటీ రాయినుంచి విడిపోతుంది, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా విడిపోతుంది. మ్యూజియంలలో చేసే పద్ధతే ఇంట్లోనూ చేయొచ్చు. రాయికి కనిపించని వైపు చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, అది ఆరాక నల్ల సిరాతో నంబర్ వేసి, పైన పారదర్శకమైన వార్నిష్ ఒక పూత. అదే నంబర్‌తో నోటు పుస్తకంలో ఒక పేజీ: పేరు, దొరికిన ఊరు, దేశం, ఏ పొర, ఎంత వయసు, ఎవరు తవ్వారు లేదా ఎవరు శుభ్రం చేశారు, ఏ షాపులో ఎప్పుడు కొన్నాం, ఏదైనా అతికించి ఉందా, రంగు వేసి ఉందా. తెలియని గడి ఖాళీగా వదలాలి, ఊహించి నింపకూడదు, ఎందుకంటే రేపు దాన్ని చదివేవాళ్లకు ఏది తెలిసి రాశామో ఏది అనుకుని రాశామో తేడా తెలియదు. మా పెద్దది అమ్మోనైట్ పేజీలో మడగాస్కర్ అని రాసి, పొర పేరు దగ్గరా, తవ్వినవాళ్ల పేరు దగ్గరా ఖాళీ వదిలింది. ఆ రెండూ ఆ పెద్దాయననే అడిగింది. తనకు సరుకు పంపినవాళ్లను కనుక్కుని చెబుతానన్నారు.